జనం ఉంటేనే పరిగెత్తిన లైను

తొంభైలలో ద్వారకా నగర్‌లో ఏ మేడ ఎక్కినా ఒక కోచింగ్ సెంటరో, ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూటో ఉండేది. నేను చేరింది రెండో రకంలో. చెప్పులు బయటే విప్పి లోపలికి వెళ్ళాలి. దుమ్ము పడితే కంప్యూటర్లు పాడవుతాయని చెప్పేవారు. ఏసీ కింద బూట్లతో కూర్చున్న మా సారుని చూస్తే మాత్రం, దుమ్ముకి కూడా గౌరవ మర్యాదలు తెలుసునేమో అనిపించేది.

అప్పటి కంప్యూటర్ పెట్టె ముందు టర్బో అని ఒక మీట ఉండేది. నొక్కితే ప్రాసెసరు వేగంగా నడుస్తుంది, ఇంకోసారి నొక్కితే నెమ్మదిస్తుంది. సారు దాన్ని ముట్టుకోనిచ్చేవారు కాదు. "అరిగిపోద్దిరా" అనేవారు. వేగం కూడా పెన్సిల్‌లాగా అరిగిపోయే వస్తువని నేను తెలుసుకున్నది ఆ ఇన్‌స్టిట్యూట్‌లోనే, ఫీజు కట్టి మరీ.

అక్కడ టైపింగ్ నేర్పే ఒక ఆట ఉండేది. తెర పైనుంచి అక్షరాలు రాలుతుంటాయి, కింద పడేలోగా ఆ అక్షరం కొట్టాలి. పాత కంప్యూటర్లో అవి తీరిగ్గా, చింతాకు రాలినట్టు రాలేవి. కొత్త కంప్యూటర్ తెచ్చిన రోజు అదే ఆటలో అక్షరాలు వడగళ్ళలా దభదభా పడ్డాయి. ఎవరి వల్లా కాలేదు. మా వేళ్ళకి బద్ధకం పట్టిందని సారు తేల్చేశారు. నాకు మొదట్నించీ కోపం ముక్కు మీదే ఉంటుంది. వెళ్ళి ఆ టర్బో మీట నొక్కేశాను. అక్షరాలు మళ్ళీ బుద్ధిగా రాలడం మొదలెట్టాయి. ఆ ఆట రాసినవాడు గడియారం చూడలేదు. ప్రాసెసరు ఇన్ని అడుగులు వేస్తే ఇంత సేపు అయినట్టు అనుకున్నాడు. అడుగుల వేగం మారితే వాడి కాలం మారిపోయింది. ఇదంతా సారుకి వివరంగా చెప్పాను. ఆయన నన్ను తీసుకెళ్ళి బయట చెప్పుల మధ్య నిలబెట్టారు. నా జీవితంలో నాకు దొరికిన మొదటి సాంకేతిక గౌరవం అది.

ఆ తర్వాత కొన్నేళ్ళకి, రెండు వేల దశకం నడిమధ్యలో, ఆ చెప్పుల దగ్గర నేర్చుకున్న పాఠం మళ్ళీ పనికొస్తుందని అనుకోలేదు. అప్పటికి నేను నాలుగైదు నెట్ సెంటర్లకు నెట్‌వర్క్ చూసిపెడుతూ బతుకుతున్నాను. బస్ కాంప్లెక్స్ దగ్గర్లో ఉన్న ఒక సెంటర్లోనే ఎక్కువ కూర్చునేవాణ్ణి, అక్కడ ఏసీ పనిచేసేది కాబట్టి. ఓనరుది కంచరపాలెం. స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పనులు చేసి, విసిగిపోయి, ఈ వ్యాపారంలో దిగాడు. నన్ను బావా అనేవాడు, నేనూ బావా అనేవాణ్ణి. మా వైపు దానికి చుట్టరికం అక్కర్లేదు.

ఆ సెంటర్‌కి ఉన్నది ఒకటే లైను. దాన్ని అన్ని సీట్లకీ పంచాలి. పంచకపోతే ఒకడు కూర్చుని సినిమా దించుకుంటాడు, మిగతావాళ్ళు రిజల్ట్స్ పేజీ తెరుచుకోక నన్ను తిడతారు. అందుకని మూలనున్న ఒక కంప్యూటర్లో నేనొక కాపలాదారుణ్ణి పెట్టాను. మనిషి కాదు, ప్రోగ్రాము. ఒక్కో సీటుకి క్షణానికి ఇంత అని వదలడం, అంతకు మించితే ఆపి వరసలో నిలబెట్టడం దాని పని. ఎవడు ఎంత అరిచినా అది చలించేది కాదు. ఆ గుణం కోసం నేను దాన్ని ప్రేమించాను.

ఒక ఎండాకాలం ఆ మూల కంప్యూటర్ కాలిపోయింది. బావ కొత్తది తెచ్చాడు. కరెంటు తక్కువ తాగుతుందని, వేడెక్కదని షాపువాడు చెప్పాడట. నేను కాపలాదారుణ్ణి అందులోకి మార్చాను. అంతా బాగానే ఉందనుకున్నాం. అప్పుడు మొదలైంది ఆ విడ్డూరం.

"బావా, జనం లేనప్పుడు నెట్టు తొంగుంటంది. జనం వొచ్చీసరికి లెగిసి పరిగెడతంది. ఇదేటి, నెట్టా, రికార్డింగ్ డాన్సా?" అన్నాడు బావ.

నేను నవ్వాను. ప్రపంచంలో ఎక్కడైనా జనం పెరిగితే లైను నెమ్మదిస్తుంది. ఇది చిన్నపిల్లలకీ తెలుసు. కానీ నిజంగానే మధ్యాహ్నం సెంటర్ ఖాళీగా ఉన్నప్పుడు ఒక్క పేజీ తెరవడానికి ప్రాణం పోయేది. సాయంత్రం కోచింగ్ పిల్లలు వచ్చి సీట్లన్నీ నిండేసరికి అందరికీ లైను పరుగులు తీసేది. బావ నా మాట కోసం ఆగలేదు. వాస్తు తెలిసినవాడిని పిలిపించి, ఆ కంప్యూటర్‌ని తూర్పుకి తిప్పించాడు. తర్వాత ఉత్తరానికి. కేబుల్ చాలక పొడుగు కేబుల్ కొన్నాం. నేను వచ్చినప్పుడల్లా అది ఇంకో దిక్కు చూస్తూ ఉండేది, ఇల్లు దొరకని అద్దెదారులాగా.

ఆ మధ్యాహ్నపు ఖాళీ వేళల్లోనే జాలరిపేట నుంచి ఒకావిడ వచ్చేది. ఉదయమంతా ఇళ్ళ వెంట చేపలమ్మి, ఖాళీ గంప మెట్ల కింద పెట్టి, చేతులు రెండుసార్లు కడుక్కుని పైకొచ్చేది. మొగుడు గల్ఫ్‌లో ఒక రేవులో ఎవరిదో బోటు మీద పని చేస్తున్నాడు. అక్కడా ఇలాంటి నెట్ దుకాణమే ఉందట. ఇద్దరూ తెర మీద ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ మాట్లాడుకునేవారు. నేను హెడ్‌ఫోన్ తగిలించి, కెమెరా సరిచేసి పక్కకి పోయేవాణ్ణి.

"సాయంత్రం రండమ్మా, లైను బాగుంటోంది" అన్నాను ఒకసారి.

"ఎవులూ లేనప్పుడే వొత్తాను బాబూ. మా ఇంటి మాటలు నలుగురూ ఇంటే బాగోదు" అంది.

వాళ్ళ ఇంటి మాట ఒక పడవ గురించి. అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒకటే పడవ. మొగుడు లేనప్పుడు అతని అన్న వేటకి తీసుకెళ్తాడు, వచ్చిన చేపలో ఈవిడ వాటా ఈవిడకి ఇస్తాడు. ఆ చేపే ఈవిడ గంపలోకి వచ్చేది. ఇప్పుడా అన్న పడవ అమ్మేసి, హార్బర్‌లో పెద్ద బోటు మీద పనికి పోదామనుకుంటున్నాడు. తమ్ముడు ఫోన్‌లో సరేనన్నాడని ఆయన అంటున్నాడు. తనతో వద్దన్నాడని ఈవిడ అంటోంది. పడవ పోతే ఈవిడ రోజూ తెల్లారి హార్బర్ వేలంలో మోచేతులతో తోసుకుంటూ వేరేవాళ్ళ చేప కొనుక్కోవాలి. "మా పడవ సేప అని సెప్పి అమ్ముతాను బాబూ. అది పోతే ఇంకేటి సెప్పీది?" అని నాతో అంది. మొగుడు మొదట్లో ఒక్కసారి గట్టిగా వద్దన్నాడట. తర్వాత ఎప్పుడు అడిగినా, సరిగ్గా ఆ మాట దగ్గరే లైను తెగిపోతోంది. ఆవిడ లైనుని తిట్టేది. లైను నాది కాబట్టి ఆ తిట్లు నేనే పుచ్చుకునేవాణ్ణి.

చివరికి మాట పేట పెద్దల దాకా పోయింది. వాళ్ళలో ఇలాంటివి పెద్దల ముందు కూర్చునే తేల్చుకుంటారు. ఎవరు ఏ మాటన్నా పదిమంది ఎదుట అంటేనే అది మాట. కానీ అసలు మనిషి సముద్రం అవతల ఉన్నాడు. పెద్దాయన ఫోన్ ఒప్పుకోలేదు. "ఫోన్లో గొంతు ఎవుడిదైనా అవుద్ది. మొకం సూసి అడగాల. మొకం కనబడితే మనిసి అబద్దం ఆడలేడు" అన్నారట. దాంతో ఆ పంచాయితీ మా సెంటర్‌కి వచ్చింది.

పెద్దలు వస్తున్నారని తెలిసి మా బావ పరవశించిపోయాడు. ఎంత మర్యాద చెయ్యాలో అంతా చేశాడు. మధ్యాహ్నం వేళ పెట్టించాడు. ఉన్న ఒకరిద్దరు కుర్రాళ్ళని బయటికి పంపేశాడు. మిగతా కంప్యూటర్లన్నీ ఆపించాడు. పెద్దల మాటకి అడ్డు రాకూడదని షట్టరు సగం దించి, గోలీసోడాలు తెప్పించాడు. లోపల చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం. పంచెకట్లలో నలుగురు పెద్దలు, ఒక పక్క ఆ అన్న, ఒక పక్క ఈవిడ. పెద్దాయన కూర్చున్న కుర్చీ గుండ్రంగా తిరుగుతుంటే ఆయన బల్ల పట్టుకుని మర్యాద కాపాడుకున్నారు.

తెర మీద మొగుడి మొహం వచ్చింది. వచ్చినట్టే వచ్చి ముక్కలైంది. కన్ను ఒక చోట, మీసం ఒక చోట. గొంతు బుడబుడమని మునిగిపోయింది.

"పడవ అమ్మమన్నావా, వొద్దన్నావా? ఒక్క ముక్క సెప్పు" అన్నారు పెద్దాయన.

ముక్కలైతే వచ్చాయి, మాట రాలేదు. ఇంకాసేపు చూసి పెద్దాయన, "మొకం సూడాలని వొచ్చినాం. గళ్ళ లుంగీ సూపిత్తన్నారు" అని లేచారు. వచ్చే వారం ఇంకోసారి కూర్చుంటామని, అప్పుడూ తేలకపోతే ఇక్కడున్న అన్న మాటే మాటని చెప్పేశారు. ఈవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది.

పెద్దలు మెట్లు దిగీ దిగగానే, షట్టరు అవతల ఈలోగా పోగైన కుర్రాళ్ళంతా బిలబిలమంటూ వచ్చి సీట్లలో పడ్డారు. ఎవడి కంప్యూటర్ వాడు వేసి పేజీలు తెరిచాడు. అంతే. తెర మీద ముక్కలన్నీ కలిసి మొగుడి మొహం శుభ్రంగా, మీసంతో సహా ప్రత్యక్షమైంది. "పెద్దోళ్ళు ఉన్నారా? ఎల్లిపోనారా?" అని ఖాళీ కుర్చీలని అడుగుతున్నాడు. వెళ్ళిపోయారని నేను చెప్పాను. అతను వెనక్కి వాలి, తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. అక్కడ ఉక్కపోత ఎక్కువేమో అనుకున్నాను.

ఆ రోజు నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. నా కాపలాదారు నా పరువు తీశాడు. మర్నాడు పొద్దున్నే, ఎవరూ రాకముందు, ఆ మూల కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఖాళీ లైను, ఖాళీ గది, అయినా పేజీ కదలదు. ప్రాసెసరు వివరాలు తెర మీదకి తెచ్చి చూస్తే, దాని వేగం చెప్పే అంకె కొన్నప్పటి వేగంలో సగం కూడా లేదు. చిన్న పని ఒకటి ఇచ్చాను. అంకె గభాలున పైకెగిరింది. పని అయిపోగానే చతికిలబడింది. షాపువాడు చెప్పిన పొదుపు ఇదే. పని లేనప్పుడు కునుకు తీస్తుంది.

కునుకు తీస్తే తియ్యనీ. మరి కాపలాదారుకి ఏమైంది? అప్పుడు గుర్తొచ్చాయి ఆ టైపింగ్ ఆటలో రాలిన అక్షరాలు, బయట చెప్పుల మధ్య నేను. ఈ కాపలాదారు కూడా గడియారం చూడడం లేదు! ప్రాసెసరు అడుగులు లెక్కపెడుతున్నాడు. కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు ప్రాసెసరు మంచి ఊపు మీద ఉంటుంది. అప్పుడు చూసి, ఇన్ని అడుగులైతే ఒక క్షణం అని గుర్తు పెట్టుకున్నాడు. కుక్కర్ విజిళ్ళు లెక్కపెట్టి టైము చెప్పే మనిషి ఉన్నాడనుకోండి. మనం మంట తగ్గించామని ఆయనకి తెలియదు. అరగంట గడిచినా, రెండే విజిళ్ళొచ్చాయి కాబట్టి పది నిమిషాలే అయిందంటాడు. మా కాపలాదారూ అంతే. బయట క్షణాలు గడిచిపోతున్నా, వాడి లెక్కలో ఇంకా ఒక్క క్షణమే. ఆ ఒక్క క్షణానికి ఇవ్వాల్సిందే ఇస్తాడు. జనం వస్తే ప్రాసెసరుకి పని తగిలి మంట పెరుగుతుంది, విజిళ్ళు సరిగ్గా వస్తాయి, లైను పరుగెడుతుంది. మా బావ పెద్దల మీద గౌరవంతో గదంతా ఖాళీ చేయించి, చేజేతులా ప్రాసెసర్‌కి జోల పాడాడు.

మందు చిన్నదే. వేగం తగ్గించుకోవద్దని ప్రాసెసర్‌కి ఒక ఆజ్ఞ. ఖాళీ గదిలో లైను పట్టపగ్గాలు లేకుండా పరుగెత్తింది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. బావ రాగానే కుక్కరూ, విజిళ్ళూ అన్నీ చెప్పాను. చాలా శ్రద్ధగా విన్నాడు.

"సరే బావా. మరి పెద్దోళ్ళొచ్చిన రోజు జనాన్ని ఎంతమందిని కూకోబెట్టాల?" అన్నాడు.

"ఒక్కడూ అక్కర్లేదు. ఇప్పుడు ఖాళీగా ఉన్నా నడుస్తుంది!"

"నడుస్తాది. కాదన్నానేటి? కానీ రిస్కెందుకు?"

వారం తిరిగింది. పెద్దలు వచ్చేసరికి సెంటర్‌లో నిలబడడానికి చోటు లేదు. ప్రతి సీట్లో ఒక కోచింగ్ కుర్రాడు, బావ ఖర్చు మీద. దానికి తోడు ఈవిడ, లైనుకి జనం కావాలన్న బావ మాట నమ్మి, పేట నుంచి ఆడవాళ్ళని వెంటబెట్టుకొచ్చింది. ఏసీ, చేపల వాసన, మల్లెపూలు, ఇంజినీరింగ్ కోచింగ్ అన్నీ కలిసిపోయాయి. నాలుగు గోడల మధ్య దాచుకోవాలనుకున్న ఇంటి మాట కోసం ఆవిడ ఊరందరినీ పిలుచుకొచ్చింది. నేను ఒళ్ళు మండి మూలన నిలబడ్డాను. నా విద్యని ఒక్కళ్ళూ నమ్మడం లేదు.

తెర వెలిగింది. మొహం అద్దంలో చూసినట్టు ఉంది. చొక్కా గుండీలు కూడా లెక్కపెట్టచ్చు. ఆడవాళ్ళలో ఒక నిట్టూర్పు లేచింది. పెద్దాయన బల్ల పట్టుకుని ముందుకి వంగారు.

"ఏరా, పడవ అమ్మమన్నావా, వొద్దన్నావా?"

అతను అన్న వైపు చూశాడు. పెళ్ళాం వైపు చూశాడు. వెనకాల నిలబడ్డ పేటనంతా చూశాడు. "హలో... హలో... ఇనబడ్డం నేదు. తెగిపోతంది" అన్నాడు. ప్రతి అక్షరం స్పష్టంగా వినిపించింది. తర్వాత, నోరు సగం తెరిచి, బొమ్మ ఆగిపోయినట్టు కదలకుండా కూర్చుండిపోయాడు. కన్ను కూడా ఆర్పలేదు. పాపం, చాలా కష్టపడ్డాడు. కానీ అతని తల వెనక గోడ ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఎవరో టీ గ్లాసు పట్టుకుని అటు నుంచి ఇటు నడిచిపోయారు కూడా.

పెద్దాయన నా వైపు తిరిగారు. "బాబూ, నువ్వు సెప్పు. లైను బాగుందా?"

ఈవిడా నా వైపే చూస్తోంది. ఆ చూపు నాకింకా గుర్తుంది. బాగాలేదని చెప్పమని అడుగుతున్నట్టు ఉంది. కానీ బాగాలేదంటే ఈ పూటతో పడవ పోతుంది. అదీకాక, ఎన్నాళ్ళకో నా లైను బాగుంది.

"బాగుందండీ. మనం మాట్లాడేదంతా ఆయనకి వినిపిస్తోంది" అన్నాను.

అతను ఇంకొంచెం సేపు బొమ్మలా ఉండి, ఇక కన్ను మంటపుట్టి ఆర్పేశాడు. "అన్నకి అమ్మీమన్నాను. ఇంటిదానికి వొద్దన్నాను. ఎవులికీ కోపం రాకూడదని అలగన్నాను" అన్నాడు తల దించుకుని.

కుర్రాళ్ళు కిసుక్కుమన్నారు. పెద్దాయన నవ్వలేదు. "రెండు మాటలాడినావు. మేం రెండూ కొట్టీసినాం. నువ్వొచ్చి మా ముందు కూకుని సెప్పీదాకా పడవ అమ్మీది నేదు. నీ ఇంటిదాని వాటా దానికి పడాల" అన్నారు. అన్న కాదనలేదు. బావ అందరికీ సోడాలు పంచాడు. జనం వల్లే పని జరిగిందని పెద్దలకి వివరంగా చెప్పాడు, వాళ్ళు అవునన్నారు.

అందరూ వెళ్ళాక ఈవిడ మెట్ల దగ్గర గంప తీసుకుంటూ ఆగింది. పడవ నిలబడింది కదా, సంతోషంగా ఉంటుందనుకున్నాను.

"అడిగినప్పుడల్లా తెగిపోతంటే ఇన్నాళ్ళూ లైన్నే తిట్టుకున్నాను బాబూ. ఆడిని ఒక్క మాట అనుకోలేదు. ఎందుకు బాగుసేసినావు?" అంది.

నేను కుక్కర్ విజిళ్ళ గురించి చెప్పబోయి ఆగిపోయాను. ఆ తర్వాత చాలా రోజులు మధ్యాహ్నాలు ఆవిడ రాలేదు. లైను ఖాళీగా, ఎవరికీ అక్కర్లేనంత వేగంగా పడి ఉండేది. నాకు దిగులేసింది.

మళ్ళీ వచ్చింది ఒక సాయంత్రం, కోచింగ్ విడిచే వేళకి, సీట్లన్నీ కిటకిటలాడుతున్నప్పుడు. మూల సీటు చూపిస్తే వద్దని, నడుమ సీటు ఖాళీ అయ్యేదాకా నిలబడింది. హెడ్‌ఫోన్ ఇవ్వబోతే, "అది వొద్దు బాబూ. పెద్దగా ఇనబడీది పెట్టు" అంది. స్పీకర్లు పెట్టాను.

మొగుడు తెర మీదకి వచ్చాడు. కాసేపు అటూ ఇటూ నసిగి, మెల్లగా, "తప్పయిపోనాది" అన్నాడు. నాకు నాలుగు సీట్ల అవతల వినిపించింది.

"ఏటీ? ఇనబడ్డం నేదు. తెగిపోతంది" అంది ఈవిడ.

"తప్పయిపోనాదే!"

"ఏటో బుడబుడమంతంది. గట్టిగా సెప్పు!"

అతను లేచి నిలబడి అరిచాడు. కుర్రాళ్ళంతా పేజీలు వదిలేసి ఇటు తిరిగారు. ఈవిడ చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, మొహంలో ఏ మార్పూ లేకుండా, "ఇంకోపాలి" అంది.

బావ కంగారుగా నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "బావా, ఇంత జనం ఉన్నారు. అయినా లైను పోనాదేటి?"

నేను మూల కంప్యూటర్ వైపు చూశాను. ప్రాసెసరు పూర్తి వేగంలో ఉంది. ఆ సీటుకి ఇవ్వాల్సింది ఇస్తోంది, ఒక్క అక్షరం కూడా పోవడం లేదు.

"అవును బావా. ఇవాళ లైను కొంచెం బాగోలేదు" అన్నాను.